చేతికందే పేరు

విజిటింగ్ కార్డు పని ఫోన్ నంబరు అందించడమే అనుకుంటే, ఆ పనిని క్యూఆర్ కోడ్, అంటే కెమెరా చదవడానికి వీలుగా సమాచారాన్ని నలుపు తెలుపు గడులలో ఇమిడ్చిన గుర్తు, అంతకంటే త్వరగా, అంకె తప్పకుండా చేస్తుంది. 1994లో ఆ కోడ్ రూపుదిద్దుకున్నది జపాన్‌లో; వ్యాపార పరిచయాలలో అచ్చు కార్డు మర్యాద నేటికీ గట్టిగా నిలిచినదీ ఆ దేశంలోనే. జపనీయులు మేషి అని పిలిచే ఈ కార్డును లేచి నిలబడి, అక్షరాలు ఎదుటివారివైపు తిరిగి ఉండేలా రెండు చేతులా అందిస్తారు. అందుకున్నవారు వెంటనే జేబులో వేసుకోక, పేరూ హోదా చదివి, సమావేశం ముగిసేదాకా బల్లమీద తమ ముందు ఉంచుకుంటారు. ఈ ఆచారానికి ప్రాణం ఆ చదివే క్షణంలో ఉంది: స్కాన్ చేసేటప్పుడు ఇద్దరి చూపూ తెరమీదికి పోతుంది, కార్డు చేతులు మారేటప్పుడు ఒకరి పేరును మరొకరు, ఆ మనిషి ఎదుటే, నిదానంగా చదువుకుంటారు.

చదవడమే ప్రధానమైనచోట అక్షరం మీద శ్రద్ధ తప్పనిసరి, ఆ శ్రద్ధ తెలుగు కార్డుకు తరచుగా దక్కకపోవడం బాధాకరం. ఇంచుమించు 3.5 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ఉన్న అట్టముక్క మీద ఇంగ్లీషు అక్షరాలు 7 పాయింట్లలో కూడా (పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు) తేటగా కనిపిస్తాయి. అదే కొలతలో ‘లక్ష్మి’ అని వేస్తే, పైన గుడి, కింద ష ఒత్తు, దాని పక్కన మ ఒత్తు ఒకదానికొకటి ఒరుసుకొని, సన్నని ఖాళీలలో సిరా పూడిపోతుంది. వరుసల మధ్య ఎడం తగ్గిస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. అందువల్ల తెలుగుకు పెద్ద అక్షరం, ఎక్కువ ఎడం, తక్కువ మాటలు కావాలి. చోటు చాలనప్పుడు తగ్గించవలసినవి బిరుదులు, ఉపశాఖల జాబితాలు, మూడో ఫోన్ నంబరు, అంతేగాని తెలుగు పేరు కాదు. ల, ళల భేదం, న, ణల భేదం ఇంగ్లీషు లిపిలో కనపడవు కనుక, కళావతిని కలావతి అని పిలవకుండా కాపాడేది తెలుగులో అచ్చయిన ఆ పేరే.

కాగితం ఎంపికలో బరువుకు, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే జీఎస్ఎమ్ లెక్కకు, ఇచ్చే ప్రాధాన్యం పైపూతకు ఇవ్వరు. 300 జీఎస్ఎమ్ అట్ట చేతికి నిండుగా ఉంటుంది, నిజమే. కానీ రెండువైపులా మెరిసే లామినేషన్ వేయిస్తే పెన్ను జారిపోతుంది. కార్డు వెనుక కొంత మేరనైనా పూత లేకుండా వదిలితే, ఆ మనిషి ఎక్కడ కలిశారో, ఏ పని గురించి మాట్లాడారో అందుకున్నవారు రెండు ముక్కలు రాసుకోగలుగుతారు. అయితే ఇచ్చినవారి ఎదుటే కార్డు మీద రాయడాన్ని జపాన్‌లో అమర్యాదగా ఎంచుతారు కాబట్టి, ఆ రాత వారు సెలవు తీసుకున్న తరువాతే.