విడిదిలో వినబడని గొంతు

ఒక గుంపును గురించి రాయదలచిన రచయిత ఆ గుంపుతో రాత్రిళ్ళు గడపడం మంచిదే. కాని అక్కడ అతను ఎవరి పక్కన కూర్చున్నాడు, ఎవరి మాట విన్నాడు అన్నదాన్నిబట్టే ఆ రచనకు విలువ కట్టవలసి ఉంటుంది. అమెరికన్ రచయిత హంటర్ ఎస్. థాంప్సన్ పుస్తకం ‘హెల్స్ ఏంజెల్స్’ (1967)ను ఈ దృష్టితో చదివితే దాని బలమూ లోపమూ ఒకేచోట బయటపడతాయి. 1965 జూలై నాలుగవ తేదీ సెలవులకు కాలిఫోర్నియాలోని బాస్ లేక్ అనే సరస్సు ఒడ్డున మోటారుసైకిళ్ళవాళ్ళు వేసిన విడిదే ఆ చోటు.

దీని పూర్వరంగం కొంత తెలుసుకోవాలి. 1947లో అవే సెలవులకు అదే రాష్ట్రంలోని హోలిస్టర్ అనే చిన్న ఊళ్ళో మోటారుసైకిళ్ళ ర్యాలీ జరిగింది. మన జాతర వంటిదే: పందేలు, తాగుడు, కేకలు. వచ్చినవాళ్ళు నాలుగు వేలదాకా ఉంటారని అంచనా. గదులు చాలక జనం పార్కుల్లోనూ ఆరుబయటా పడుకున్నారు. కొందరు అల్లరి చేశారు, అరెస్టులూ జరిగాయి. కాని దేశం మనసులో నిలిచిపోయింది ‘లైఫ్’ పత్రిక అచ్చువేసిన ఒక ఫొటో: చుట్టూ ఖాళీ సీసాలు, నడుమ మోటారుసైకిల్ మీద తాగి వాలిపోయిన మనిషి. ఆ సీసాలు ఫొటో కోసమే పోగుచేసినవని తరువాత ఒక ప్రత్యక్షసాక్షి చెప్పాడు.

ఆ సంఘటన ప్రేరణగా ఫ్రాంక్ రూనీ 1951లో ‘సైక్లిస్ట్స్ రెయిడ్’ అనే కథ రాశాడు. 1953లో మార్లన్ బ్రాండో నటించిన ‘ది వైల్డ్ వన్’ సినిమాకు మూలం ఈ కథే. కథ ఊళ్ళోని హోటలు యజమాని కళ్ళతో నడుస్తుంది. మోటారుసైకిల్ తగిలి అతని కూతురు చనిపోతుంది. ఆ తండ్రి శోకం పాఠకుణ్ణి కదిలిస్తుంది. కాని ఊరిమీద పడ్డవాళ్ళు మాత్రం చాలామటుకు ముఖాలు లేని దండుగానే మిగిలిపోతారు. కిటికీలోంచి చూసినవాడికి కనబడేది అంతే మరి.

థాంప్సన్ కిటికీ వదిలి విడిదిలోకి వెళ్ళాడు. అంతకుముందే, 1965లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ వెలువరించిన నివేదికనూ దాన్ని పట్టుకుని పత్రికలు రాసిన రాతలనూ వరసపెట్టి పరిశీలించాడు. ఎక్కడ సున్నాలు పెరిగాయో, ఎక్కడ వదంతి రుజువుగా మారిందో పద్దు తనిఖీ చేసినట్టు చూపాడు. పుస్తకంలోని మొదటి గుణం ఈ ఓపిక. రెండవది బాస్ లేక్ వర్ణన. పత్రికలు రానున్న విధ్వంసాన్ని ముందే చాటాయి. కోర్టు ఉత్తర్వు సిద్ధమైంది. షెరీఫ్ వాళ్ళకు ఒక స్థలం చూపించి అక్కడే ఉండమన్నాడు. దుకాణం దగ్గర ఊరివాళ్ళు కర్రలతో కాపు కాశారు. చివరికి వేరే దుకాణంలో బీరు దొరికింది. అది తెచ్చిన కారు థాంప్సన్‌దే. ఈ యాత్రకు అతను మోటారుసైకిల్ మీద రాలేదు. విహారయాత్రికులు వింతమృగాలను చూసినట్టు మూగి చూశారు. సెలవులు ముగిశాయి. చాటిన ప్రళయం రాలేదు. భయం ఎలా తయారవుతుందో, అందులో ఎవరికి ఎంత వాటా ఉందో ఈ భాగం చెప్పినంత బాగా ఏ సిద్ధాంత వ్యాసమూ చెప్పలేదు.

పరభాషల నడుమ తరతరాలుగా కాపురముంటూ, తమను గురించి బయటివాళ్ళు రాసింది చదువుకుంటూ వస్తున్న మన పాఠకులకు ఈ భాగం ఇట్టే అర్థమవుతుంది. పోలిక అంతవరకే. హెల్స్ ఏంజెల్స్ అమాయకులు కారు. తాము పెట్టే భయమంటే వాళ్ళకు మోజు. ఆ సంగతి థాంప్సన్ దాచలేదు.

లోపం ఇంకోచోట ఉంది. ఆ గుంపుల్లో ఆడవాళ్ళూ ఉన్నారు. మగవాళ్ళు వాళ్ళకు పెట్టిన పేర్లు తెలుస్తాయి, మగవాళ్ళు వాళ్ళతో ఎలా మెలిగారో తెలుస్తుంది. వాళ్ళు ఏమనుకున్నారో మాత్రం దాదాపు తెలియదు. బీరు డబ్బాల లెక్క తెలిసినంతగా ఆ స్త్రీల మనసు తెలియదు. అత్యాచారం ప్రసక్తి వచ్చినచోట అతని కలం తడబడుతుంది. ఆరోపణలోని అతిశయోక్తిని తేల్చడానికి పడ్డ శ్రమ, బాధితురాలి గోడు వినడానికి పడలేదు. పత్రికలు మగవాళ్ళకు చేసిన అన్యాయాన్ని సరిదిద్దిన పుస్తకం, మగవాళ్ళు ఆడవాళ్ళకు చేసిన అన్యాయం దగ్గర కొసరు మాటలతో దాటిపోతుంది.

పుస్తకం చివర, 1966 లేబర్ డే నాడు ఆ గుంపులోని కొందరు తనను చితకబాదారని థాంప్సన్ రాశాడు. చిన్న మాట తేడా పెద్దదైందన్నట్టు తేల్చాడు. ఆ తేడా ఏమిటో పుస్తకంలో లేదు. 1967లో కెనడా టెలివిజన్ కార్యక్రమంలో ఏంజెల్స్‌లో ఒకతను ఎదురుపడి సంగతి బయటపెట్టాడు: ఒకడు పెళ్ళాన్ని కొడుతుంటే థాంప్సన్ అడ్డు మాట అన్నాడట, దెబ్బలు అందుకట. అదే నిజమైతే, పుస్తకంలో రచయితకు గౌరవం తెచ్చే ఘట్టం అదే అయివుండేది. దాన్నే వదిలేశాడు! తన గాయం రాసుకున్నాడు, ఆమె తిన్న దెబ్బ రాయలేదు.

ఈ కారణంగా పుస్తకాన్ని పక్కన పెట్టమని నేననను. పత్రికల కట్టుకథలను విప్పి చూపినందుకు తప్పక చదవాలి. కాని విడిదిలో బస చేసినంత మాత్రాన రచన సమగ్రమైపోదు. గుంపును దూరంగా చూసినవాడు గుంపంతటికీ అన్యాయం చేస్తాడు. దగ్గరగా చూసినవాడు అందులో గొంతు పెగలనివాళ్ళకు అన్యాయం చేయవచ్చు. మన సమాజాలను గురించి మనమే రాసుకునేటప్పుడు ఈ రెండో ప్రమాదమే మనకు మరీ దగ్గర.