నక్కిలీసు గొలుసు, జముకు మోత

'పలాస 1978' సినిమా 2020 మార్చి మొదటివారంలో విడుదలైంది. నెల తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చి హాళ్లు మూతపడ్డాయి. సినిమాకన్నా దాని పాటలే ఎక్కువ ఇళ్లకు చేరాయి. రఘు కుంచె కట్టిన ఆ పాటలను ఇన్నేళ్లకు మళ్లీ వరసగా వింటుంటే, అప్పట్లో ఊపులో కొట్టుకుపోయిన సంగతులు ఇప్పుడు చెవికి తగులుతున్నాయి.

'నక్కిలీసు గొలుసు' చూడండి. గొలుసు పడిపోయిందన్న వంకతో పిల్లతో మాట కలిపే పాట. సరసమంతా ఆ వెతుకులాటలోనే ఉంది. తిరిగి తిరిగి పల్లవి దగ్గరికే రావడం, ఒకరు అంటే పదిమంది అందుకోవడం పల్లెపాట పాత పద్ధతి. గుంపు అందుకున్నంతసేపట్లో పాటగాడు ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి చరణం ఏం కట్టాలో అప్పుడే చూసుకుంటాడు. సినిమా పాటకున్న నాలుగైదు నిమిషాల్లో ఆ వెసులుబాటు ఉండదు, అంతా ముందే తేలిపోయి ఉంటుంది. నాకు కనిపించిన వెలితి అదే. ఉత్తరాంధ్ర యాసను మాత్రం ఇస్త్రీ చెయ్యకుండా వదిలారు. అందుకు దర్శకుడు కరుణకుమార్‌కు కూడా దండం పెట్టాలి. పసల బేబీతో కలిసి బాలు పాడిన 'ఓ సొగసరి' సంగతి వేరు. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఆయన పోయారు. ఇప్పుడా పాటలో తప్పులెన్నే ఓపిక నాకు లేదు.

ఈ పాటల వెనక మోత తెలియాలంటే జముకు వినాలి. ఒక పక్క తోలు మూసి, రెండో పక్క తెరిచి ఉంచిన చిన్న వాద్యమది. తోలు నడిమి నుంచి ఒక తీగ బయటికొస్తుంది. వాద్యాన్ని చంకలో ఇరికించుకుని, తీగ కొసను ఒక చేత్తో లాగిపట్టి, రెండో చేత్తో పుల్లతో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, వదిలితే కిందికి జారుతుంది. తాళం వేసేదీ అదే, గొంతుకు తోడు మూలిగేదీ అదే. ఈ మోతతో చెప్పే జముకుల కథలో ఏడుపు ఘట్టం వస్తే చెయ్యి తీగను కాస్త సడలిస్తుంది, అంతే. కథకుడి మాటను వంతలు అందుకుంటారు. తెలంగాణ బైండ్లవాళ్ల జమిడిక, కన్నడ ఎల్లమ్మ భక్తుల చౌడికె, బెంగాలు బావుల్ గాయకుల ఖమక్ దీనికి దగ్గరి చుట్టాలు.

పలాస దగ్గరి బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకుల కథనే చేపట్టి, అందులో రైతుకూలీల గోడు పెట్టాడు. దేవత కథలకు అలవాటుపడ్డ జనానికి కొత్త బాణీ నేర్పాల్సిన పని లేకపోయింది. ఎత్తుగడ వినగానే కూర్చునేవాళ్లు కూర్చుంటారు. శ్రీకాకుళ పోరాటంలో, 1969 డిసెంబరులో, ఆయన పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ నెలలోనే ఇంగ్లండులో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం 'లీజ్ అండ్ లీఫ్' విడుదల చేసి, పాత కథాగేయాలను ఎలక్ట్రిక్ గిటార్ల మీదికి ఎక్కించింది. ఫోక్ రాక్ చరిత్ర రాసేవాళ్లు ఆ రికార్డును వదిలిపెట్టరు. పాత కట్టులో కొత్త కాలాన్ని పలికించే పని పలాస చుట్టుపక్కల ఉద్దానంలో కరెంటు అవసరం లేకుండానే జరిగింది. ఆ తర్వాత వంగపండు ప్రసాదరావు ఈ యాసను రాష్ట్రమంతా వినిపించాడు.

పల్లెపాట సినిమాకెక్కినప్పుడు రచన దగ్గర 'జానపదం' అని వేసి ఊరుకోవడం మామూలైపోయింది. ఏ ఊళ్లో విన్నారు, ఎవరి నోట విన్నారు, పక్కన ఏ వాద్యం మోగింది అన్నవి కూడా రాయాలి. టెక్కలి పక్క సంబరాల్లో అదే పాట ఇంకో వరసలో వినిపిస్తే, దేన్ని దేనితో పోల్చుకోవాలో తర్వాతివాళ్లకు ఆ వివరాలే ఆధారం.