ప్రహ్లాదుఁడును బలియును

కొంతకాలము క్రిందట మా తరగతిలో ప్రహ్లాదచరిత్రమును బోధించుచుండఁగా ఒక బాలుఁడు లేచి, "అయ్యా, అగ్ని ప్రహ్లాదుని కాల్చియుండినచో, అతని భక్తి అబద్ధమగునా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. గంట మ్రోగుటచే నేనానాఁడు తప్పించుకొంటిని. ఆ బాలుని తండ్రి యొక దొంగలెక్కపై సంతకము చేయననినందున ఉద్యోగమును పోఁగొట్టుకొన్నవాఁడని తరువాత తెలిసినది. ఆ రాత్రి పోతన భాగవతమును మఱల తెఱచితిని.

మన యిండ్లలో ఈ కథను చెప్పు తీరు అందఱకును తెలిసినదే. ఏనుఁగులు త్రొక్కలేదు, పాములు కఱవలేదు, విషము పాఱలేదు, నిప్పు కాల్చలేదు. ఒక్కొక్క గండము గడచినపుడెల్ల పిల్లలు చప్పట్లు కొట్టుదురు. ధర్మమును పాటించినవానికి దెబ్బ తగులదని వారు నేర్చుకొందురు. తగిలిననాఁడు ఆ పాఠము వారికి పనికిరాదు.

సప్తమస్కంధములో ఈ హింసలు త్వరగానే ముగియును. గురువులు లేని వేళ బాలుఁడు తోడి దానవబాలకులకు చేసిన బోధయు, తుదనున్న నృసింహస్తుతియు విస్తారముగా సాగును. శూలములతో పొడుచుచుండఁగా బాలుఁడు భగవంతుని పేరులు పలుకుచుండెను. పాఱిపోలేదు, తల్లుల యింట దాఁగలేదు, కావుమని యొరులను వేఁడలేదు. "నన్ను నిప్పు కాల్చదు, చూడుము" అని తండ్రితో పందెము వేయలేదు. తుదకు స్వామి వరమును కోరుకొమ్మనఁగా, సేవకు ప్రతిఫలము కోరువాఁడు సేవకుఁడు కాఁడు, వర్తకుఁడు అనెను. తనకై కోరినది హృదయములో కోరికలు మొలకెత్తకుండుట. పిమ్మట కోరినది తన్ను చంపఁజూచిన తండ్రి పాపము తొలఁగుట. పిల్లలకు తండ్రిని ధిక్కరించుటకు ఈ కథ సాకగునని భయపడు పెద్దలు ఈ ఘట్టమును చదివినట్లు లేదు.

అయినను ఒకచోట నాకు కవితో పేచీ కలదు. అంతటి హింసలో బాలుఁడు తాపము నొందలేదఁట! నొప్పి లేనివాని యోర్పు మనకెట్లు మార్గమగును? ఈ కవియే గజేంద్రునికి సందేహమును ప్రసాదించినాఁడు; దేవుఁడు కలఁడో లేఁడో యను నా యేనుఁగు మాట మన గుండెకు దగ్గఱ. ప్రహ్లాదునికి ఆ పాటి చలనమైనను లేదు. నృసింహుని భీకరరూపమునకు వెఱవననియు, సంసారచక్రమునకు మాత్రము వెఱతుననియు స్తుతిలో చెప్పుకొనును గాని, అది తత్త్వజ్ఞుని భయము. శూలము తగిలిన పిల్లవాని భయము కాదు.

బాలుని ప్రశ్నకు ఉత్తరము నాకు ఈ కథలో దొరకలేదు. అష్టమస్కంధములో, ప్రహ్లాదుని మనుమఁడైన బలి కథలో దొరకినది. వచ్చినవాఁడు విష్ణువని శుక్రుఁడు హెచ్చరించెను. మాట తప్పుమని బోధించెను. విననందున సంపదను కోల్పోవునట్లు శపించెను. అయినను బలి యిచ్చెను. ఫలమేమి? రాజ్యము పోయెను, గురువు విడిచెను, వరుణపాశములు బిగిసెను. ఇక్కడ అగ్ని కాల్చినది. అపుడు వృద్ధుఁడైన ప్రహ్లాదుఁడు వచ్చును. కట్టుబడియున్న మనుమఁడు వానికి ఎప్పటివలె పూజ చేయలేక, కన్నీటితో తల వంచుకొనును. తాను తప్పించుకొన్న కష్టము మనుమనికి తప్పలేదని చూచియు, తాత కట్లు విప్పుమని యడుగఁడు. ఇచ్చినవాఁడే తీసికొనెను, అదియు మేలే యనును. మూలములో విడిపింపుమని వేఁడినవాఁడు బ్రహ్మ. తుదకు స్వామి బలికి అపుడే స్వర్గమును తిరిగి యీయలేదు. సుతలమునకు పంపి, తానే యచట ఎల్లప్పుడు దగ్గఱ నుండి రక్షింతునని మాట యిచ్చెను. పోయిన రాజ్యము పోయినట్లే యున్నది. తోడు మాత్రము దొరకినది. ప్రహ్లాదచరిత్రమును చెప్పువారు ఈ కథను వెంటనే చెప్పకుండుట తప్పని నా యభిప్రాయము. రెండు కథలకు నడుమ గజేంద్రుఁడున్నాఁడు గావున మనము మఱచిపోవుదుము కాఁబోలు.

మఱునాఁడు తరగతిలో బలి కథను చెప్పితిని. ఆ బాలుఁడు ఏమియు నడుగలేదు. అందఱును వెళ్లిన పిమ్మట మాత్రము వచ్చి, "స్వామి ద్వారమున నెన్నాళ్లు నిలిచెను?" అనెను. సావర్ణి మన్వంతరమున ఇంద్రుఁడగువఱకు బలి యచట నుండవలసినదే గాని, ద్వారపాలకునికి సెలవిచ్చినట్లు గ్రంథములో ఎచటను లేదని చెప్పితిని.