నల్లబొమ్మ ఎవరి చేతికి?

ఫిలింఫేర్ అవార్డుల మీద రాస్తామంటే కొందరు మిత్రులు నవ్వారు. కారంచేడు, చుండూరు గురించి రాయాల్సినవాళ్ళకు బొంబాయివాళ్ళ సంబరాలతో ఏం పని అన్నారు. పని ఉంది. అంటరానితనం మీద వచ్చిన ఏ కథను మెచ్చుకోవాలో, ఆ కథలో ఎవరికి చప్పట్లు కొట్టాలో దేశానికి నేర్పే బళ్ళలో అదొకటి. 1954 నుంచీ నడుస్తున్న బడి.

బిమల్ రాయ్ తీసిన 'సుజాత' (1959)కు ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటి అవార్డులు వచ్చాయి. బ్రాహ్మణ ఇంట్లో పెరిగిన అంటరాని పిల్ల కథ. నూతన్ నటన గొప్పదే, కాదనం. కానీ ఆ ఇంటి తల్లి సుజాతను కూతురిగా ఒప్పుకున్నది ఎప్పుడు? తన రక్తమిచ్చి ఆమె ప్రాణం నిలబెట్టాక. మనిషిగా గుర్తింపు కావాలన్నా ముందు మనమే రక్తం ధారపోయాలన్నమాట! 1956లో అంబేద్కర్ లక్షలాదిమందితో నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. మూడేళ్ళకే వచ్చిన ఈ సినిమాలో చావబోయిన సుజాతను ఆపింది మాత్రం గాంధీ మాట.

2002లో 'లగాన్'కు ఉత్తమ చిత్రంతో కలిపి ఎనిమిది అవార్డులు. అందులో మనవాడి పేరు కచరా, అంటే చెత్త. అతన్ని జట్టులోకి తీసుకోవాలని ఊరితో వాదించేది భువన్. బంతి తిరగడం కూడా కచరా నేర్చుకున్న విద్య కాదు, అవిటి చేతి చలువ. ప్రతిభ వాళ్ళది, అవిటితనం మనది. రిజర్వేషన్లప్పుడు వినిపించిన 'మెరిట్' వాదం ఇక్కడ క్రికెట్ ఆడుతోంది.

2020లో 'ఆర్టికల్ 15'కు ఉత్తమ కథ అవార్డు, విమర్శకుల అవార్డు కూడా వచ్చాయి. రాజ్యాంగ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు అంబేద్కర్. సినిమాలో ఆ అధికరణాన్ని పోలీసు స్టేషన్‌లో అంటించేది బ్రాహ్మణ ఐపీఎస్ అధికారి. దళిత నాయకుడు నిషాద్ మధ్యలోనే చంపబడతాడు. అరవై ఏళ్ళలో హీరో ధోతీ విప్పి యూనిఫాం తొడుక్కున్నాడు, అంతే.

మరి 'మసాన్' సంగతేంటని అడగొచ్చు. అడగాలి కూడా. 2016లో దానికి తొలి చిత్ర దర్శకుడి అవార్డు అందుకున్న నీరజ్ ఘేవాన్ తాను దళితుణ్ణని బహిరంగంగా చెప్పుకున్నవాడు. కాశీలో శవాలు కాల్చే డోముల కుర్రాడు దీపక్‌ను ఎవరూ వచ్చి ఉద్ధరించరు. ప్రేమిస్తాడు, ఆ పిల్లను పోగొట్టుకుని ఏడుస్తాడు, చదువుకుని ఉద్యోగం తెచ్చుకుంటాడు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టుకున్న మాలాంటోళ్ళకు అతను చుట్టంలా కనిపించాడు. చూసేవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్నదే తేడా. మనవాళ్ళకు కథ చెప్పడం రాదన్న మాట ఈ ఒక్క సినిమాతో తేలిపోయింది. ఒక్కటే ఎందుకుందన్నది మిగిలిన ప్రశ్న.

అగ్రవర్ణాలవాళ్ళు మన మీద సినిమాలు తియ్యొద్దని మేము అనడం లేదు. మన బాధకు వాళ్ళ మంచితనం పేరు పెట్టొద్దంటున్నాం. ఆ అవార్డు బొమ్మను 'బ్లాక్ లేడీ' అంటారు. నల్లటి ఆడమనిషి బొమ్మను ఎత్తి ముద్దుపెట్టుకోవడానికి ఆ వేదిక మీద ఎవరికీ అంటు లేదు. విద్యార్థి మిత్రులు ఈసారి అవార్డుల పట్టిక చూసినప్పుడు తెర మీది వేషాలతో ఆగకండి. కథ ఎవరు రాశారు, కెమెరా ఎవరు పట్టుకున్నారు, తీర్పు చెప్పినవాళ్ళు ఎవరు అని అడగండి. సుజాతల రక్తం చాలానే ఇచ్చాం. ఇక కలం, కెమెరా మన చేతికి రావాలి.