తారు వచ్చింది, అంచు పోయింది

మన ఊర్లకు తారురోడ్డు పడితే శిలాఫలకం మీద కిలోమీటర్లు, లక్షలు రాస్తారు. ఆ రోడ్డు మీద రోజూ నడిచేదెవరో మాత్రం రాయరు. నడిచేది మనమే. ఊరికి దూరంగా, చెరువుకట్టల పక్కన ఉండే యానాది కాలనీల నుంచి కూలికైనా, చేపలకైనా, రేషనుకైనా, బడికైనా పోయేది కాళ్ల మీదనే. కొంచెం వీలున్నవాళ్లు సైకిలు మీద పోతారు.

నడిచేవాళ్లకు దారి వేయడం మన సీమకు తెలియని పని కాదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్ల దారి ఉంది. తలపైన కప్పు, దీపాలు, తాగునీళ్లు ఉన్నాయి. భక్తులు నడుస్తారని దేవస్థానం ఖర్చు పెట్టింది. మంచిదే. మొక్కు కోసం నడిచే కాళ్లు కనబడినట్టు, బతుకు కోసం నడిచే కాళ్లు ఎందుకు కనబడవు?

కారణం లెక్కల్లో ఉంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానంలో 500 జనాభా ఉన్న ఆవాసాలకు రోడ్డు అన్నది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 250 చాలన్నది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. ఇరవై ముప్పై ఇళ్ల కాలనీ ఆ జల్లెడలో నిలవదు. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ 100 మంది ఉన్నా రోడ్డు వేస్తామన్నది, కానీ అది మరీ వెనుకబడిన తెగలుగా గుర్తించినవాళ్లకే. ఆ జాబితాలో చెంచులున్నారు. యానాదులు, ఎరుకలు, సుగాలీలు లేరు.

రోడ్డు పడిన చోటైనా మనకు మిగిలిందేమిటి? గ్రామీణ రోడ్ల ప్రమాణం ప్రకారం మైదానంలో రోడ్డు మొత్తం వెడల్పు 7.5 మీటర్లు, అందులో తారు 3.75 మీటర్లు. అంటే రెండు పక్కలా దాదాపు 1.9 మీటర్ల చొప్పున మట్టి అంచు ఉండాలి. నడకదారికి కనీసం 1.8 మీటర్లు కావాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. కాగితం మీద మన దారి ఇప్పటికే ఉందన్నమాట! నేల మీద చూస్తే ఆ అంచును వాన కోసేసి ఉంటుంది, లేదా సర్కారు తుమ్మ కమ్మేసి ఉంటుంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే మనం ముళ్లలోకి దిగాలి.

రాష్ట్ర ప్రభుత్వం ఒకప్పుడు ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. సైకిలు వచ్చింది గానీ, దానితోపాటు తొక్కే దారి రాలేదు. వెనకనుంచి లారీ హారన్ కొడితే ఆ పిల్ల ఎటు తప్పుకోవాలి? రోడ్డుకు భయపడి బడి మానిన పిల్లను కూడా మన రిజిస్టర్లు ‘డ్రాపౌట్’ అనే రాసుకుంటాయి.

మనం అడగాల్సింది చిన్నది. ఆ అంచు మీద తుమ్మ కొట్టించి, గ్రావెల్ పోసి రోలరు తిప్పాలి. కాలనీ మలుపులో ఒక దీపం, ఒక స్పీడ్ బ్రేకరు పెట్టాలి. కొత్తగా భూమి సేకరించే పని లేదు. ఊరి దారుల బాగోగులు పంచాయతీ బాధ్యతేనని 1994 పంచాయతీరాజ్ చట్టం చెబుతుంది.

టీచర్లు ఒకరోజు లెక్కల పీరియడులో టేపు తీసుకుని, పిల్లలను వెంటబెట్టుకుని బడిదారి అంచు కొలిపించండి. యువకులు ఆ కొలతల కాగితాన్ని గ్రామసభలో పెట్టి తీర్మానం రాయించండి. రోడ్డు పంచాయతీది కాకపోతే ఆ తీర్మానాన్ని పంచాయతీరాజ్ ఇంజనీరుకు పంపించండి. లెక్కల పేరుతో మనల్ని వదిలేసినవాళ్లను మన లెక్కతోనే నిలదీయాలి.