కొలువు మెట్ల మీద మాటలు

కోస్తా జిల్లాల్లో బొమ్మల కొలువు చాలావరకు సంక్రాంతికి పెడతారు. హిందూపురం, పెనుకొండ వైపు అది దసరా సంబరం. మైసూరు పొరుగున ఉన్న సీమ కదా, అక్కడి గాలి సోకక మానదు. విజయనగర రాజులు జరిపిన మహర్నవమి వైభవాన్ని విదేశీ యాత్రికులు రాసిపెట్టారు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు తరలింది. 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్నంలో దసరా ఉత్సవం మొదలుపెట్టి ఆ ఒరవడిని నిలిపాడు. రాజుల సంగతి అలా ఉంచి, ఇంటి ముందుగదిలో మెట్ల మీద కొలువుదీరే బొమ్మల గురించి చెబుతాను. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు పండుగ మాటలు నేర్పడానికి ఇంతకన్నా మంచి సాధనం మన దగ్గర లేదని నా నమ్మకం.

ఇప్పుడు పండుగ మాటలు పిల్లలకు ఎక్కువగా కాగితం మీదే చేరుతున్నాయి. బొమ్మ, పక్కన పేరు, రంగు వేయడానికి గీతలు. తోరణం బొమ్మకు ఆకుపచ్చ రంగు పూసిన పిల్లకు మామిడాకు వాసన తెలియదు, దాన్ని దారానికి గుచ్చడం తెలియదు. ఆ మాట నోటికి వస్తుంది, నాలుగు రోజులకే పోతుంది. కొలువులో మాట చేతి పనితో కలిసి వస్తుంది. మెట్లు అమర్చేటప్పుడే మూడు, అయిదు, ఏడు అని బేసి లెక్క చెవిన పడుతుంది. పై మెట్టున దేవుళ్ళు, తర్వాత మనుషులు, అడుగున అంగళ్ళు, పొలాలు, పశువులు. "ఎద్దును కింది మెట్టు మీద, రైతుకు ఎడమ పక్కన పెట్టు నాయనా" అని అవ్వ చెప్పిందంటే ఎద్దు, రైతు, కింద, ఎడమ అన్నీ ఒకేసారి పిల్లవాడి చేతిలోంచి నడుస్తాయి.

కొలువు ముందు పరిచే పొలం నాకు మరీ ఇష్టం. వారం ముందే పళ్ళెంలో మట్టి పోసి రాగులో ఆవాలో మెంతులో చల్లుతారు. నీళ్ళు చిలకరించే పని పిల్లలదే. విత్తనం, మొలక, ఆకు, పైరు అనే మాటలు రోజుకొకటిగా కళ్ళ ముందు లేస్తాయి. సాయంత్రం పేరంటానికి గుగ్గిళ్ళు. ఈరోజు శనగలు, రేపు అలసందలు, మర్నాడు పెసలు, ఆ పైరోజు ఉలవలు. నానబోసిన గింజలను వేళ్ళతో కలియబెట్టి పేరు నేర్చుకున్న పిల్ల ఆ పేరు మరిచిపోదు. పాడ్యమి, విదియ, తదియ అంటూ తిథులు కూడా అలాగే పట్టుబడతాయి. రోజూ పొద్దున "ఈరోజు ఏ తిథి?" అని ఇంట్లో ఎవరో ఒకరు అడిగితే చాలు.

మన అవ్వలు చేసేదాన్ని పద్ధతిగా రాసిపెట్టిన మనిషి ఇటలీ నుంచి వచ్చారు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు చేరి అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల చిక్కుకుపోయి 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయారు. మాటలు నేర్పడానికి ఆమె వాడిన పాఠంలో మూడు అంచెలు ఉంటాయి. ఫ్రెంచి వైద్యుడు సెగాన్ దగ్గర నుంచి ఆమె దాన్ని తీసుకున్నారు. మొదట "ఇది గుర్రం" అని చూపిస్తారు. తర్వాత "గుర్రం ఏది? నా చేతికియ్యి" అంటారు. చివర్న "ఇదేంది?" అని అడుగుతారు. రెండో అంచెలోనే ఎక్కువసేపు ఉండాలి, అడిగిన బొమ్మను పిల్ల వెతికి తేవాలి, పెట్టాలి, తీయాలి. మనం తొందరపడి మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాం. పిల్ల తడబడితే దిద్దుతాం. మాంటిస్సోరి దిద్దవద్దంటారు. పాఠం అంతటితో ఆపి, ఇంకోసారి మొదటి అంచె నుంచి చెప్పమంటారు.

ఆమె దేశంలో క్రిస్మస్ కూడా బొమ్మల పండుగే. 1223లో గ్రెచ్చో అనే ఊళ్ళో అస్సీసీ ఫ్రాన్సిస్ నిజమైన ఎద్దును, గాడిదను, గడ్డి తొట్టిని పెట్టి క్రీస్తు పుట్టుకను కళ్ళకు కట్టించాడు. ఇళ్ళలో పెట్టే ప్రెసేపె అనే పశువుల పాక బొమ్మల అమరికకు ఆ రాత్రే మూలమని చెబుతారు. అక్కడి పిల్లలు పచ్చిక కోసం నాచు పరుస్తారు, మనం మొలకలు పెంచినట్టు. ఎద్దును బువె అని, చిన్న గాడిదను అసినెల్లో అని, గొర్రెల కాపరిని పస్తోరె అని ఆ బొమ్మలు సర్దుతూనే నేర్చుకుంటారు. డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజుల ప్రార్థన నొవేన. పసిబాలుడి బొమ్మను 24 అర్ధరాత్రి దాకా తొట్టిలో పెట్టరు. పసిబాలుణ్ణి చూడవచ్చే ముగ్గురు రాజుల బొమ్మలను రోజుకు కొంచెం ముందుకు జరుపుతూ జనవరి 6కు పాక దగ్గరికి చేరుస్తారు. జరగడం, దగ్గర, దూరం, రేపు అనేవి పిల్లలకు అందించడానికి ఇంత చక్కని ఉపాయం ఇంకెక్కడా చూడలేదు. మన కొలువులో బొమ్మలను మొదటి రోజే సర్ది వదిలేస్తాం. ఊరేగింపు బొమ్మలనైనా రోజూ ఒక అడుగు గుడి వైపు నడిపిస్తే బాగుంటుంది.

ఒక్క షరతు, బొమ్మలు ముట్టుకోనివ్వాలి. తిరుపతి ఎర్రచందనం బొమ్మలు పసిచేతుల్లో పడినా పగలవు. చన్నపట్నం, ఏటికొప్పాక లక్క బొమ్మలు నున్నగా, అంచులు గుచ్చుకోకుండా ఉంటాయి. మట్టి బొమ్మలను మాత్రం పై మెట్లకు ఎక్కించక తప్పదు. ఇక ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల గురించి. మేకతోలు మీద చెక్కి రంగులద్దిన ఈ కళకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. కొలువు బొమ్మ నిలబడి ఉంటుంది కాబట్టి పేర్లే నేర్పుతుంది. కీళ్ళున్న తోలుబొమ్మ ఆడుతుంది కాబట్టి ఎగరడం, వంగడం, దండం పెట్టడం, గద ఎత్తడం నేర్పుతుంది. కొలువు పక్కన ఒక్క హనుమంతుడి తోలుబొమ్మ ఉన్నా పిల్లల మాటలకు క్రియలు తోడవుతాయి.

బొమ్మల కొలువు అందరి ఇళ్ళలో ఉండే ఆచారం కాదు. అందుకే ఇది బడికి రావాలి, అంగన్‌వాడీకి రావాలి. చెక్క మెట్లు లేకపోతే ఇటుకలు పేర్చి పాత పంచె పరిస్తే సరిపోతుంది. పిల్లలే మట్టితో లేపాక్షి నందిని, పెనుకొండ కోటను చేస్తారు. పెనుకొండ బాబయ్య దర్గా ఒక మెట్టు మీద, క్రిస్మస్ పాక ఇంకో మెట్టు మీద ఉంటే ఏ ఇంటి బిడ్డకైనా తన పండుగ మాట చెప్పే వంతు వస్తుంది. ఒక పిల్ల బొమ్మ అంటుంది, పక్క పిల్ల కన్నడంలో గొంబె అంటుంది. హిందూపురంలో రెండూ చెల్లుతాయి. ఏదీ తప్పని చెప్పకూడదు.

విజయదశమి రాత్రి ఒక బొమ్మను పడుకోబెట్టి, మర్నాడు మిగతావాటిని దించుతారు. మాంటిస్సోరి చెప్పిన మూడో అంచెకు అదే సరైన సమయం. పది రోజులు ఆడి, మోసి, సర్దిన పిల్లను ఇప్పుడు అడగవచ్చు. పెద్దలు ఒక్కో బొమ్మను అందిస్తుంటే పిల్ల పేరు చెప్పి గుడ్డలో చుట్టాలి. పేరు రాకపోతే మనమే చెప్పి చుట్టనివ్వాలి. రాని పేర్లను గుర్తుపెట్టుకుంటే వచ్చే దసరాకు ఏ బొమ్మలను ముందుగా పిల్ల చేతికి ఇవ్వాలో తెలుస్తుంది.