ఆరితేనే రంగు

కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మను చేతిలోకి తీసుకోండి. అంత ఏనుగూ దూదిలా తేలిపోతుంది. తెల్ల పొణికి కర్ర గుణం అది. మెత్తన, తేలిక, ఉలికి ఇట్టే లొంగుతుంది. కానీ నీళ్లు తాగే కర్ర. అందుకే రంగు పని కుంచె పట్టకముందే, సెగ దగ్గరే మొదలవుతుంది. కర్రను సన్నని వేడిమీద కాచి లోపలి తడిని పోగొడతారు. ఆ తడి మిగిలిందో, ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తూ రంగును పెచ్చుపెచ్చుగా లేపేస్తుంది.

తొండం, చెవులు, కాళ్లు, మావటి అన్నీ విడివిడిగా చెక్కి మక్కుతో అతికిస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. అతుకు కప్పేదీ, బుగ్గకు నిండుదనం ఇచ్చేదీ అదే. ఆరాక నునుపు చేసి సున్నం పూస్తారు. ఈ పూత అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. చివరికి దాన్ని ఎవరూ చూడరు. పసుపు పసుపులా, ఎరుపు ఎరుపులా పలికేది మాత్రం దాని మీదే. అది పచ్చిగా ఉండగా తొందరపడితే కొన్ని రంగులు చెడతాయి. ప్రష్యన్ బ్లూ అయితే సున్నపు ఘాటుకు గోధుమరంగుకు తిరుగుతుంది.

పూర్వం ఆకులూ బెరళ్ల రంగులు వాడేవారు. తర్వాత వాటర్ కలర్లు, ఎనామెల్ వచ్చాయి. నీళ్ల రంగులో నీరు ఆవిరైపోతే పని అయినట్టే. ఎనామెల్ అలా కాదు, గాలి తగిలి పైనుంచి గట్టిపడుతుంది. మందంగా పూస్తే పైన తోలు కట్టి, లోపల పచ్చిగానే ఉండి, ముడతలు పడుతుంది. ముసురు రోజుల్లో ఇంకా కష్టం. పలచటి పూతలు రెండు వేసి, నడుమ ఓపిక పట్టాల్సిందే. పిల్లల తడి చేతులకు ఎనామెల్ తట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ తళతళలో ఉలి చేసిన సన్నపని మునిగిపోతుంది. మా సంక్రాంతి కొలువులో మెరుపు లేని పాత గంగిరెద్దు ముందే నేను ఎక్కువసేపు నిలబడేవాణ్ని.

కళ్లు అన్నిటికన్నా చివర. మేక వెంట్రుకల సన్నని కుంచెతో, తెలుపు పూర్తిగా ఆరాకే నల్లచుక్క పెట్టాలి. ఆరకపోతే నలుపు పాకుతుంది. నా దగ్గరున్న మావటికి ఒక కన్ను అలాగే పాకింది. ఏనుగును ఎటు తిప్పి పెట్టినా అతను మాత్రం పక్కింటి వైపే చూస్తుంటాడు.